స్పానిష్‌లో ‘నాకు ఇష్టం’, ‘నాకు నచ్చదు’ అని చెప్పడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లల దగ్గర స్పానిష్ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబు ఇది: ‘మాకు ఇంగ్లిషే అంతంతమాత్రం, ఇంక స్పానిష్ ఎట్ల వస్తది?’ ఆ టెన్షన్ అస్సలు అక్కర్లేదు. ఇష్టాయిష్టాలు చెప్పే దగ్గరైతే ఇంగ్లిష్‌ను పక్కన పెట్టినవాళ్లే త్వరగా నేర్చుకుంటారు. ఇంగ్లిష్ ‘ఐ లైక్’ అంటూ ‘నేను’తో మొదలవుతుంది. స్పానిష్ అలా మొదలవదు. మనలాగే ‘నాకు నచ్చుతుంది’ అంటుంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే దారి తిన్నగా ఉంటుంది, ఇంగ్లిష్ మీదుగా వెళ్తే చుట్టూ తిరిగి తప్పులో కాలేస్తాం.

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లి టెక్సాస్‌లో స్థిరపడ్డవాళ్లకు ఇరుగుపొరుగున రోజూ వినిపించేది కూడా ఇదే. హైదరాబాద్ కంపెనీల్లో స్పానిష్ వచ్చినవాళ్లకు ఉద్యోగాలున్నాయి. ఏ అవసరం కోసం నేర్చుకున్నా పరిచయం పెరిగేది ‘నీకేం ఇష్టం?’ అన్న ప్రశ్నతోనే. అందుకే దీన్ని మొదట్లోనే గట్టిగా పట్టుకోండి.

ముందు నాలుక సరిచేసుకోండి

ఇక్కడ స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. నొక్కి పలకాల్సిన అక్షరానికి దీర్ఘం పెట్టాను, మిగతావి పొట్టిగా పలకండి. స్పానిష్ రాతలో ఉన్న ‘టి’ మన ‘త’, ‘డి’ మన ‘ద’. నాలుక పళ్లను తాకాలి. ఇంగ్లిష్ అలవాటులో ‘గుస్టా’ అనేవాళ్లు ఎక్కువ. అది ‘గూస్త’, నచ్చుతుంది అన్న మాట. ‘హెచ్’ రాస్తారు కానీ పలకరు. ‘జె’ అక్షరం గొంతులోంచి వచ్చే ‘హ’. ‘వి’ని ‘బ’ లాగే పలుకుతారు. ‘ర’, ‘ర్ర’ తేడా మనకు పుట్టుకతో వచ్చిందే కాబట్టి దాని గురించి చెప్పాల్సిన పని లేదు. నేను లాటిన్ అమెరికా ఉచ్చారణ ఇస్తున్నాను. స్పెయిన్‌లో కొన్ని ‘స’లు నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే ‘థ’ లాగా వినిపిస్తాయి. ఆ తేడాతో మాట అర్థం కాకుండా పోదు.

‘నాకు, నీకు, వాళ్లకు’ నోటికి పట్టించండి

మె అంటే నాకు. తె అంటే నీకు. లె అంటే అతనికి, ఆమెకు. ‘మీకు’ అని ఒక్కరినే గౌరవంగా అడిగేటప్పుడు కూడా లె వాడాలి. నొస్ అంటే మాకు, మనకు రెండూ. లెస్ అంటే వాళ్లకు, లేదా ఎక్కువమంది ఎదురుగా ఉంటే మీకు. స్పెయిన్‌లో చనువున్న పదిమందితో ‘ఒస్’ అంటారు. మీరు స్పెయిన్ వెళ్తున్నట్లయితే అది కూడా నేర్చుకోండి, లేదంటే ఇప్పటికి వదిలేయండి.

ఇక్కడ మనకున్న ఇంకో లాభం చూడండి. నువ్వు, మీరు తేడా స్పానిష్‌లోనూ ఉంది. తోటి పిల్లలతో ‘తె గూస్త?’, పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో ‘లె గూస్త?’. ఎవరిని ఎలా పిలవాలో మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. ఆ మర్యాదనే అటు తీసుకెళ్లండి.

నచ్చేది ఒకటైతే గూస్త, ఎక్కువైతే గూస్తన్

అసలు సంగతి ఇదే, కాస్త నిదానంగా చదవండి. తెలుగులో ‘ఇష్టం’ అన్న మాటతో పోలిక పెట్టుకోవద్దు. ‘నచ్చు’ అన్న మాటతో పెట్టుకోండి. ‘నాకు మామిడిపండు నచ్చుతుంది’, ‘నాకు మామిడిపండ్లు నచ్చుతాయి’. మీరు గమనించారా, ‘నాకు’ మారలేదు. పండు ఒకటా, పదా అన్నదాన్ని బట్టి చివరి మాట మారింది. స్పానిష్ కూడా సరిగ్గా ఇంతే.

మె గూస్త ఎల్ మాంగొ: నాకు మామిడిపండు నచ్చుతుంది.
మె గూస్తన్ లొస్ మాంగొస్: నాకు మామిడిపండ్లు నచ్చుతాయి.

ఇష్టపడేవాళ్లు ఎంతమందైనా దీనికి సంబంధం లేదు. మా అందరికీ ఒకే పండు నచ్చితే ‘నొస్ గూస్త’. నా ఒక్కడికే నాలుగు రకాలు నచ్చితే ‘మె గూస్తన్’. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు ‘యొ గూస్తొ’ అనేస్తారు. ‘యొ’ అంటే ‘నేను’. ‘నేను నచ్చుతాను’ అన్నట్టు అవుతుంది, ఎవరికి నచ్చుతారో తెలియదు. తెలుగులో ఆలోచిస్తే ఆ తప్పు రానే రాదు.

టీ, కాఫీ రెండూ కలిపి చెప్తే అవి రెండు వస్తువులు కాబట్టి ‘మె గూస్తన్ ఎల్ తే ఇ ఎల్ కఫే’. పనుల విషయంలో మాత్రం ఎన్ని పనులైనా ఏకవచనమే. ‘మె గూస్త లెయేర్’ అంటే చదవడం నచ్చుతుంది. ‘మె గూస్త లెయేర్ ఇ కొసినార్’ అంటే చదవడం, వంట చేయడం నచ్చుతుంది. పనులు రెండు అయ్యాయి కదా అని గూస్తన్ అనకండి. రోజూ పనికొచ్చే పనుల మాటలు ఇంకొన్ని: కంతార్ అంటే పాడటం, బైలార్ నాట్యం చేయడం, బియహార్ ఊళ్లు తిరగడం, దొర్మీర్ నిద్రపోవడం, బేర్ పెలీకులస్ సినిమాలు చూడటం, హుగార్ అల్ క్రీకెత్ క్రికెట్ ఆడటం.

ఎల్, ల, లొస్, లస్: మనవాళ్లు వదిలేసేది ఇక్కడే

తెలుగు ఇక్కడ మనకు సాయం చేయదు. వస్తువు పేరుకు ముందు పెట్టే ఈ చిన్న మాటలు మనకు లేవు. కాబట్టి ‘మె గూస్త మాంగొ’ అనేసి ఊరుకుంటాం. వినేవాళ్లకు అర్థమవుతుంది, కానీ వాక్యం కుంటుతుంది. గూస్త తర్వాత వస్తువు వస్తే దాని ముందు ఈ నాలుగింట్లో ఒకటి ఉండాల్సిందే. స్పానిష్‌లో వస్తువుల పేర్లకూ లింగం ఉంటుంది. పుంలింగం ఒకటైతే ఎల్, ఎక్కువైతే లొస్. స్త్రీలింగం ఒకటైతే ల, ఎక్కువైతే లస్. ‘ఒ’తో ముగిసే మాటలు ఎక్కువగా పుంలింగం, ‘అ’తో ముగిసేవి ఎక్కువగా స్త్రీలింగం. మినహాయింపులు ఉన్నాయి కాబట్టి కొత్త మాట నేర్చుకునేటప్పుడే దాని ముందున్న చిన్న మాటతో కలిపి బట్టీ పట్టండి. ‘లేచె’ అంటే పాలు అని కాదు, ‘ల లేచె’ అంటే పాలు అని రాసుకోండి.

ఊళ్ల పేర్లకు అవసరం లేదు. ‘మె గూస్త నాగార్జునసాగర్’ అంటే చాలు. పనులకు కూడా అవసరం లేదు. ‘ఈ’, ‘నా’ లాంటి మాట ముందుంటే అప్పుడూ అక్కర్లేదు: మె గూస్త ఏస్తె సారి, నాకు ఈ చీర నచ్చింది.

సీతాఫలంతో సాధన చేయండి

పాఠ్యపుస్తకాల్లో పిజ్జా, ఫుట్‌బాల్ ఉంటాయి. మీకు నిజంగా నచ్చే వాటితో చెప్పి చూడండి, వాక్యం మనసులో నిలుస్తుంది. దసరా, దీపావళి రోజుల్లో హైవే మీద బాలానగర్, జడ్చర్ల దాటుతుంటే రోడ్డు పక్కన సీతాఫలం గంపలు కనిపిస్తాయి. కాయ మీద కళ్లు విచ్చుకుని, మధ్యలో లేత రంగు గీతలు తేలితే అది పండుకు వచ్చినట్టు. వేలితో మెల్లగా నొక్కితే లోపలికి దిగుతుంది. బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం ఉంది. ఈ చెట్టు అసలు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. అంటే స్పానిష్ మాట్లాడే చాలామందికి ఇది పరాయి పండు కాదు. క్యూబా, కొలంబియాల్లో దీన్ని అనోన్ అంటారు.

మె గూస్త ఎల్ అనోన్. మె గూస్తన్ లొస్ అనోనెస్. ఈ రెండూ గంప ముందు నిలబడి చెప్పుకోండి. ఒక కాయ చేతిలో ఉంటే మొదటిది, గంప వైపు చూపిస్తే రెండోది. జామకాయలకు ‘మె గూస్తన్ లస్ గ్వయాబస్’. నల్లగొండ బత్తాయికి విడిగా పేరు వెతుక్కోకుండా ‘ల నరాన్హ’ అనండి, నారింజ అన్నమాట. బత్తాయి కూడా తీపి నారింజ జాతిదే. నరాన్హ, నారింజ రెండూ సంస్కృత ‘నారంగ’కు చుట్టాలే కాబట్టి ఆ మాట మీకు ఊరికే గుర్తుండిపోతుంది.

జొన్నరొట్టె గురించి చెప్పాలంటే ‘మె గూస్త ఎల్ పాన్ దె సోర్గొ’ అంటే జొన్నపిండి రొట్టె అని తెలుస్తుంది. మెక్సికో వాళ్లు మక్కపిండితో చేసే రొట్టెను తొర్తీయ అంటారు. అదే మాట స్పెయిన్‌లో అంటే గుడ్లు, ఆలుగడ్డలతో చేసే అట్టు వస్తుంది. మాట్లాడుతున్నది ఏ దేశం మనిషితోనో చూసుకోండి.

నచ్చదు అనడం, ఎంత నచ్చదో చెప్పడం

‘నో’ను ‘మె’కు ముందు పెట్టాలి. నో మె గూస్త ఎల్ కఫే: నాకు కాఫీ నచ్చదు. ‘మె నో గూస్త’ అని మధ్యలో పెడితే తప్పు.

ఎంత అన్నది గూస్త తర్వాత వస్తుంది. మె గూస్త మూచొ అంటే చాలా నచ్చుతుంది. బస్తాంతె అంటే బాగానే. ఉన్ పోకొ అంటే కొంచెం. నో మె గూస్త మూచొ అంటే అంతగా నచ్చదు, మెత్తగా చెప్పడం. నో మె గూస్త నాద అంటే అస్సలు నచ్చదు. ప్రాణం అనేంత ఇష్టమైతే మె ఎంకాంత, ఎక్కువ వస్తువులైతే మె ఎంకాంతన్. ఎంకాంతలోనే ‘చాలా’ ఉంది కాబట్టి దానికి మళ్లీ మూచొ తగిలించకండి.

ఎవరింట్లోనైనా భోజనానికి కూర్చున్నప్పుడు ‘నాద’ను జేబులో పెట్టుకోండి. వడ్డించిన అమ్మ మొహం చిన్నబుచ్చుకునే పని ఏ భాషలోనూ చేయకూడదు. ముందు ‘ఎస్తా మూయ్ రీకొ, గ్రాసియస్’ అనండి, చాలా రుచిగా ఉంది, థాంక్స్ అని. ఆ తర్వాత వద్దనుకున్నదాన్ని ‘నో మె గూస్త మూచొ’ అని నెమ్మదిగా చెప్పవచ్చు.

మాంసం తినని వాళ్లు మాత్రం నచ్చదు అనకండి. ‘కొంచెం రుచి చూడు, నచ్చుతుంది’ అంటారు. ‘తినను’ అనాలి: నో కోమొ కార్నె. ‘కార్నె’ అంటే చాలాచోట్ల పశువుల మాంసమే అనుకుని కోడికూర తెచ్చిపెడతారు. కాబట్టి ‘నో కోమొ కార్నె, ని పోయొ, ని పెస్కాదొ’ అనండి, మాంసం, చికెన్, చేప ఏదీ తినను అని. గుడ్డు కూడా తినకపోతే ‘ని ఉఏబొస్’ అని చేర్చండి. గమనించారా, తినడం దగ్గర ఎల్, ల అక్కర్లేకపోయింది. నచ్చడం దగ్గరే కావాలి.

నాకైతే, మా నాయనకైతే

తెలుగులో ‘నాకైతే సీతాఫలమే ఇష్టం’ అని నొక్కి చెప్తాం. అందుకు ముందు ‘అ మీ’ చేర్చాలి: అ మీ మె గూస్త ఎల్ అనోన్. నీకైతే ‘అ తీ తె గూస్త’. గౌరవంగా మీకైతే ‘అ ఉస్తేద్ లె గూస్త’.

మనిషి పేరో వరసో చెప్పేటప్పుడు మనకు ‘మా అక్కకు నచ్చుతుంది’ అంటే సరిపోతుంది. స్పానిష్‌లో ‘అ మి ఎర్మాన’ అన్నాక మళ్లీ ‘లె’ కూడా ఉండాలి: అ మి ఎర్మాన లె గూస్త కంతార్, మా అక్కకు పాడటం ఇష్టం. ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టు అనిపిస్తుంది, కానీ అలాగే అనాలి. ఈ ‘లె’ను ఎగరగొట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే రెండో తప్పు. నాన్నకు ‘అ మి పాద్రె లె’, నానమ్మకో అమ్మమ్మకో ‘అ మి అబువేల లె’, మిత్రులకు ‘అ మిస్ అమీగొస్ లెస్’. ఇంట్లో ఒక్కొక్కరిని తలచుకుని ఒక్కో వాక్యం చెప్పండి. అమ్మకు ఏం నచ్చుతుందో చెప్పలేకపోతే ఆ సాకుతో అడిగి తెలుసుకోండి.

నాకు కూడా

ఎదుటివాళ్లు ‘మె గూస్త’ అన్నారు, మీకూ నచ్చుతుంది: అ మీ తంబ్యేన్. వాళ్లు ‘నో మె గూస్త’ అన్నారు, మీకూ నచ్చదు: అ మీ తంపోకొ. వాళ్లకు నచ్చింది మీకు నచ్చదు: అ మీ నో. వాళ్లకు నచ్చనిది మీకు నచ్చుతుంది: అ మీ సీ. మనకు నచ్చినా నచ్చకపోయినా ‘నాకు కూడా’ ఒక్కటే కాబట్టి తంపోకొ అలవాటు కావడానికి కొంచెం సమయం పడుతుంది.

ఇద్దరు కలిసి ఇలా అనుకోండి.

‘ఇ అ తీ, కే ఫ్రూత తె గూస్త?’ (మరి నీకు, ఏ పండు నచ్చుతుంది?)
‘అ మీ మె గూస్తన్ లొస్ అనోనెస్.’
‘అ మీ నో. మె గూస్తన్ మాస్ లస్ నరాన్హస్.’ (నాకు నచ్చవు. నారింజలు ఎక్కువ నచ్చుతాయి.)
‘నో మె గూస్త ఎల్ కఫే.’
‘అ మీ తంపోకొ.’

మనుషుల గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త

‘నువ్వు నాకు నచ్చావు’ అంటే మన ఊళ్లో ఎలా అర్థం చేసుకుంటారో, ‘మె గూస్తస్’ అంటే అక్కడా అలాగే అర్థం చేసుకుంటారు. కాలేజీలో కొత్తగా పరిచయమైన అమ్మాయితోనో అబ్బాయితోనో మామూలు స్నేహంగా అనాలంటే ‘మె కాయెస్ బ్యేన్’ అనండి. మంచివాడివి, నీతో మాట్లాడటం బాగుంది అన్న భావం వస్తుంది. మూడో మనిషి గురించైతే మె కాయె బ్యేన్, పడకపోతే మె కాయె మాల్. టీచర్‌ను మెచ్చుకోవాలంటే ‘మె గూస్త కోమొ ఎన్సేన్య’ అనండి, ఆమె చెప్పే పద్ధతి నచ్చుతుంది అని. అప్పుడు అపార్థానికి తావుండదు.

నచ్చింది, వెళ్లాలని ఉంది

గూస్తను గుస్తో చేస్తే ‘నచ్చింది’. ఎక్కువైతే గుస్తారొన్, ‘నచ్చాయి’. నొక్కు ఎక్కడ పడుతుందో దీర్ఘం చూసి పట్టుకోండి. ఒక చిక్కు మాత్రం ఉంది. గద్వాలలో చీరల దుకాణంలో చీర చేతిలో పట్టుకునే ‘ఇది నాకు నచ్చింది’ అంటాం. స్పానిష్‌లో అప్పుడు మె గూస్త అనే అనాలి, ఇప్పుడు నచ్చుతున్నది కాబట్టి. సినిమా చూసి బయటికొచ్చాక, భోజనం అయ్యాక అయితే మె గుస్తో.

‘మె గుస్తరీయ’ మర్యాదగా కోరిక చెప్పడానికి. మె గుస్తరీయ బియహార్ అ మేహికొ: మెక్సికో వెళ్లాలని ఉంది. ఇదీ ‘నాకు’ వాక్యమే, గమనించండి.

తెలుగు దారి ఎంతవరకు వస్తుంది

ఈ ‘నాకు’ వాక్యం స్పానిష్‌లో చాలా దూరం తీసుకెళ్తుంది. మె ఇంతెరేస, నాకు ఆసక్తిగా ఉంది. మె అబూర్రె, నాకు బోర్ కొడుతుంది. మె మొలేస్త, నాకు చిరాకు తెప్పిస్తుంది. మె పరేసె, నాకు అనిపిస్తుంది. మె ద్వేలె ల కబేస, నాకు తలనొప్పిగా ఉంది.

కానీ ప్రతి ‘నాకు’నూ ‘మె’ చేయకండి. ‘నాకు ఆకలిగా ఉంది’ అనడానికి స్పానిష్‌లో ‘తేంగొ ఆంబ్రె’ అంటారు, ‘నేను ఆకలి కలిగి ఉన్నాను’ అన్న పద్ధతిలో. దాహానికి తేంగొ సేద్. ‘నాకు తెలుసు’ అంటే సే. ‘నాకు కావాలి’ అంటే క్యేరొ. ‘నాకు స్పానిష్ వచ్చు’ అంటే ఆబ్లొ ఎస్పన్యోల్. అలాగే ఓదియొ అంటే ద్వేషిస్తాను, ప్రెఫ్యేరొ అంటే దాని బదులు ఇది ఎంచుకుంటాను. ఇవన్నీ ‘నేను’ వాక్యాలు. వీటికి జవాబుగా ‘అ మీ తంబ్యేన్’ కుదరదు, ‘యొ తంబ్యేన్’ అనాలి. ఓదియొ చాలా ఘాటు మాట, తిండి విషయంలో వాడకపోవడమే మంచిది.

ఇప్పుడు చేయాల్సింది

ఒక నోట్‌బుక్‌లో మీకు నచ్చేవి పది, నచ్చనివి పది రాయండి. తెలుగులో ‘నచ్చుతుంది, నచ్చుతాయి’ అనే రాయండి, ‘ఇష్టం’ అని వద్దు. పక్కన స్పానిష్ రాసి, ప్రతి వాక్యంలో మూడు సంగతులు చూడండి: వస్తువు ముందు ఎల్, ల ఉందా? ఒకటా, ఎక్కువా? మనిషి పేరు ఉంటే ‘లె’ కూడా ఉందా? నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సు ప్రయాణం ఈ పనికి చక్కగా సరిపోతుంది. రాసినవి పెదవులు కదిపి, వినపడేలా చదవండి. కళ్లతో చదివిన వాక్యం మాట్లాడేటప్పుడు నోటికి రాదు.

పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది, స్పానిష్ బోధిస్తారు. స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఇచ్చే డెలె సర్టిఫికెట్‌లో ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిలు ఉంటాయి. ఈ గూస్త, గూస్తన్ మొదటి స్థాయిలోనే కావాలి. ‘నువ్వు వస్తే నాకు నచ్చుతుంది’ లాంటి వాక్యాల్లో ‘మె గూస్త కె’ అని వస్తుంది, దాని తర్వాతి క్రియ రూపం మారుతుంది. అది పై స్థాయిల పాఠం. ఇరవై వాక్యాలూ తడుముకోకుండా చెప్పగలిగాక దాని జోలికి వెళ్లండి.